రాత్రి నడిచిన మోటర్లు

పొలాలకు ఇక రాత్రిపూటే కరెంటు అని చెన్నూరు పక్కనున్న ఆ ఊళ్లో పొద్దునే చాటింపు అయింది. మేనమామ తిండి కూడా మాని, కరెంటు వాడకం మీద పరిశోధన చేసే మేనల్లుణ్ణి మడిగట్టు మీద పట్టుకున్నాడు.

"గీ రాత్రి కరెంటు నీ లెక్కతోనే వచ్చిందంట గదా, అల్లుడా?"

"మోడల్ అంటరు, మామా. ఏ మోటరు ఎప్పుడు నడుస్తదో కంప్యూటరుకు చెప్తే, ఎప్పుడు కరెంటిస్తే మేలో అది చెప్తది. మీ మోటర్లు రాత్రే ఎక్కువ నడుస్తున్నయని తేలింది."

"నువ్వు ఫారం పట్టుకొచ్చి మోటరు ఎప్పుడు నడుస్తదని అడిగితే కొండగట్టు అంజన్నకు దండం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పిన. నా మొకం జూసి ఊరంత చెప్పింది. అరె, ఆటో స్టార్టరుంటె రాత్రి కరెంటు రాంగనే మోటరు దానంతటదే నడుస్తది! నేను గుర్రువెట్టి పండుకుంటి, నీళ్లు వాగుల కలిసె. గది వాడుకునుడా? ఇగ మడికి నీళ్లు మలుపుటానికి చీకట్ల పాముల నడుమ పోవాల్నా?"

"ఎందుకు నడిచిందో రాసేందుకు ఫారంల జాగ లేదు, మామా."

"ఫారానికి ఎరుక లేదు, సరే. ఎండకాలం సెలవులల్ల ఆ మోటరు బాయికాడ నా పక్కనే పండుకున్నోనివి, నీకెరుక లేదా?"

మేనల్లుడు గట్టు మీది గడ్డిపోచ తెంపాడు.

"ఎరుకే, మామా. అది కలిపితే నా లెక్క కుదరలేదని ఇడిచిపెట్టిన."