డ్యూటీ మంచం

చర్చి వెనక హాలు, సాయంత్రం ఆరున్నర. మడత మంచాలు పరచడం అయిపోయింది. తలుపు దగ్గర పాస్టరు, అందరూ డ్యూటీ అక్క అని పిలిచే ఆవిడ.

"మళ్లీ చెప్పండక్కా. ఎందుకు కుదరదు?"

"పన్నెండే పాస్టరుగారూ. ఫైర్ వాళ్లు తలుపు మీద అంటించిన కాగితం చూడండి. ఇల్లు లేనివాళ్లకి పన్నెండు మంచాలు, కాపలా మనిషికి ఒక డ్యూటీ మంచం. అంతే."

"నేననేదీ అదే. ఆ డ్యూటీ మంచం బయట కూర్చున్నావిడకిద్దాం. పాపం, కాలికి కట్టుతో మెట్ల మీద ఉంది. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చిందట. కాపలా నేను కుర్చీలో కూర్చుని చూసుకుంటాను. మీరు ఇంటికెళ్లి హాయిగా పడుకోండి."

"నాకు డ్యూటీ ఉంది."

"ఇవ్వాళ సెలవు."

"మీకు తెలియదు. రైలు తాతయ్య గురక మొదలెడితే నర్సమ్మ లేచి కూర్చుంటుంది. ఇద్దర్నీ చెరో గోడకీ వెయ్యాలి."

"వేసేశారుగా."

"బాత్రూం గడియ దానంతటదే బయట నుంచి పడిపోతుంది. ఎవరో ఒకరు లోపల ఇరుక్కుంటారు."

"తీస్తాను. చేతులున్నాయిగా."

"నాలుగున్నరకి బేకరీ ఆయన్ని లేపాలి. అలారం పెడితే హాలంతా లేస్తుంది. కాలి బొటనవేలు పట్టుకుని మెల్లిగా కదపాలి."

"అక్కా, పదహారేళ్లుగా ప్రతి ఆదివారం ప్రసంగం మధ్యలో సంఘం మొత్తాన్ని లేపుతున్నాను. ఒక్క బేకరీ ఆయన్ని లేపలేనా? నవ్వొస్తే నవ్వండి, పాపం కాదు."

"కుర్చీలో నేనే కూర్చుంటాను. ఆవిణ్ణి నా మంచం మీద పడుకోమనండి. మీరు వెళ్లండి."

"తెల్లార్లూ కుర్చీలోనా? కాళ్లు చూసుకున్నారా? వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. వారం నుంచీ చూస్తున్నాను, ఒక్క పూట మానరు. ఇంట్లోవాళ్లు ఏమీ అనరా?"

"అనరు."

"పదండి, కారు తీస్తాను. ఇల్లెక్కడ?"

"దూరం."

"కారుకి దూరమేంటి? ఏ వైపు?"

"వంతెన వైపు. మీకెందుకు శ్రమ? బస్సుంది."

"ఏ నంబరు బస్సు?"

"ఆవిడ చలిలో కూర్చుంది. ముందు లోపలికి పిలవండి."

"పిలుస్తాను. మీరు మాట మారుస్తున్నారు."

"మార్చట్లేదు."

"అయితే వినండి. అడగాలా వద్దా అని మధ్యాహ్నం నుంచీ నలుగుతున్నాను. వంతెన చర్చి పాస్టరుకి ఫోన్ చేశాను. మంచాల వ్యానుతో పాటు మీ డ్యూటీ అక్కని కూడా పంపారు, చాలా సంతోషం అన్నాను."

"ఎందుకు చేశారు?"

"థాంక్స్ చెబుదామని చేశానండీ బాబూ! ఆయనేమన్నాడో తెలుసా? 'మా అక్కేంటి, ఆవిడ మార్కెట్ చర్చి మనిషి కదా' అన్నాడు. మార్కెట్ చర్చికి చేశాను. వాళ్లు కొండ చర్చి అన్నారు. కొండ చర్చివాళ్లకి చేస్తే, 'అదేంటండీ, మీ సంఘం ఆవిడే కదా' అని నన్నే ఎదురడిగారు."

"ఓహో."

"ఓహో కాదు. ఈ మంచాలు వెయ్యడానికి నాలుగు చర్చిలు, వారానికొకటి వంతులేసుకున్నాం. ప్రతివాళ్లూ మీరు పక్క చర్చి మనిషి అనుకున్నారు. మూడు నెలల నుంచి!"

"ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నాను. నాలుగు హాళ్ల తాళాలు మీ నడుముకే వేలాడుతున్నాయి. ఈ పన్నెండు మంది సంచులు పెట్టుకునే అలమర తాళం కూడా మీ దగ్గరే. ఈ డ్యూటీ మన నాలుగు సంఘాల సభ్యులే చెయ్యాలి, బయటివాళ్లు చెయ్యకూడదని నలుగురు పాస్టర్లం సంతకాలు పెట్టుకున్నాం. రేపేదన్నా జరిగితే నా మెడకి చుట్టుకుంటుంది. ఎవరండీ మీరు?"

"ఏదన్నా పోయిందా?"

"దువ్వెన కూడా పోలేదు. అందుకే ఇంకా పోలీసుల్ని పిలవలేదు."

"ఇవిగో తాళాలు. చిన్నది అలమరది. కొంచెం పైకెత్తి తిప్పాలి."

"తాళాలు కాదు నేనడిగింది."

"మొదటి వారం వ్యాను వచ్చినప్పుడు వంతెన చర్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరో మంచం ఒక కొస పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. రెండోదీ పట్టుకున్నాను. పన్నెండూ మోశాక ఒకాయన టీ తెచ్చిచ్చి, 'డ్యూటీ మంచం ఎక్కడ వెయ్యమంటారక్కా?' అని నన్నే అడిగాడు."

"మీరేమన్నారు?"

"తలుపు దగ్గర అన్నాను."

"అది కాదు... అసలు ఆ వేళప్పుడు గేటు దగ్గర ఎందుకున్నారు?"

"ఆవిణ్ణి పిలవండి పాస్టరుగారూ. కాలు కింద పెట్టి కూర్చుంటే వాపు పెరుగుతుంది."

"ఆవిడ సంగతి నేను చూస్తానన్నానా? ఇల్లు లేని పదమూడో మనిషికి కూడా ఎలాగో ఒకలా సర్దుతాను. ముందు మీ సంగతి..."

"ఆవిడ పదమూడో మనిషి కాదు పాస్టరుగారూ. పద్నాలుగో మనిషి."