వెర్నా గారి హాజరు పట్టీలో మూడో మమ్ము

1987 జూన్ 8, సోమవారం ఉదయం ఆరు గంటలకు శ్రీమతి వెర్నా హిల్టునెన్ గారు ఉత్తర మిషిగన్‌లోని మన కాపర్ రిడ్జ్ రోడ్ల గ్యారేజీలో హాజరు గుమస్తాగా బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి ముప్ఫై నాలుగేళ్లపాటు, మంచు తొలగించే బండ్ల డ్రైవర్లు "ఈరోజు రాలేను" అని చెప్పేందుకు చేసిన ప్రతి ఫోనునూ ఎత్తి, వారు చెప్పిన ప్రతి సాకునూ సహనంతో ఆలకించి, పట్టీలో లిఖించినది వారే. తాము మాత్రం ఒక్కనాడైనా గైర్హాజరు కాలేదు.

కారణాన్ని ఫోను చేసినవారి మాటల్లోనే రాయాలన్నది గ్యారేజీ నియమం. దానికి వెర్నా గారు తమవంతుగా ఒక ప్రశ్న జోడించారు: "తర్వాత ఏమైంది?" కుక్క కారు తాళాలు మింగేసిందని చెప్పిన ఒక పెద్దమనిషి ఈ ప్రశ్నకు తబ్బిబ్బై, తనకు కుక్కే లేదన్న సంగతి గుర్తొచ్చి, అది పక్కింటి కుక్క అని సర్దుకున్నాడు. వెర్నా గారు కోప్పడలేదు. ఆ కుక్క పేరు కూడా అడిగి రాసుకున్నారు. అబద్ధమాడటం చేతకానివాడు అంత కష్టపడి ఎందుకు ఆడుతున్నాడన్నదే వారి కుతూహలమంతా.

1995లో వారు హాజరు విభాగానికి అధిపతిగా పదోన్నతి పొందారు. నవంబరు 15న లేళ్ల వేట మొదలవుతుందని మనలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ ఒక్కరోజున మన గ్యారేజీలో ప్రబలినన్ని జ్వరాలు, విరిగిపడినన్ని చెట్లు, కన్నుమూసినంతమంది మమ్ములు ఏడాది మొత్తంలో కానరారు. అమ్మమ్మనైనా నానమ్మనైనా మమ్ము అనే పిలిచే ఫిన్నిష్ ఇళ్లు మనవి గనుక, ఏ ఒక్కరికైనా ఇద్దరికి మించి మమ్ములు ఉండే వీలులేదు.

డ్రైవరు ఐవర్ కంగాస్ 1999 నవంబరు 15న ఒక మమ్మును, 2000లో అదే తేదీన రెండో మమ్మును కోల్పోయాడు. 2001లో అదే రోజు తెల్లవారగానే ఫోను మోగింది.

"వెర్నా గారూ, ఐవర్‌ని. ఈరోజు రాలేనండి. మా మమ్ము పోయింది."

"ఏ మమ్ము?"



"ఇంకో మమ్మండీ."

అప్పటి సూపరింటెండెంటు హోస్కింగ్ గారు పట్టీ చూసి, "ఈ మూడో ఆవిడతో పాటు వీడి ఉద్యోగం కూడా పోయినట్టే" అన్నారు. మూడుసార్లు తప్పుడు కారణం చెబితే తొలగింపే; మూడో మమ్ము తేలాక మొదటి ఇద్దరినీ ఆయన నమ్మలేదు. సాయంత్రంలోగా పంపవలసిన ఉత్తరం టైపు కూడా అయింది. వెర్నా గారికి మాత్రం ఆ మూడో మమ్ము ఎవరో తెలిస్తే తప్ప మనసు నిలవలేదు. చావు జరిగిన ఇంటికి వేడి వంటకం పట్టుకెళ్లడం మన ఆనవాయితీ. మధ్యాహ్నం భోజనం వేళ వారు మాకరోనీ గిన్నె చేతబట్టుకొని కంగాస్ ఇంటికి వెళ్లారు. ఇంట్లో ఎవరూ లేరు. మంచులో ఒకే మనిషి అడుగుల జాడలు, లోతుగా దిగబడినవి, పెరటి ఫర్ చెట్ల మధ్యనున్న వేట గుడిసె దాకా సాగాయి.

లోపల వేటగాళ్ల నారింజరంగు కోటు తొడుక్కున్న ఒక వృద్ధురాలు ఒళ్లో తుపాకీతో కూర్చొని ఉన్నారు. ఆమెకు కాఫీ పోస్తున్న ఐవర్ ముఖం వెలవెలబోయింది.

"ఎవరమ్మాయ్ నువ్వు? మెల్లగా మాట్లాడు, లేళ్లు బెదురుతాయి."

"రోడ్ల గ్యారేజీ నుంచండీ. మీరు పోయారని తెలిసి వచ్చాను."

ఆమె మనవడివైపు తిరిగారు. "ఇది ఎన్నోసారిరా?"

"మూడోసారి మమ్ము."

"సరే, ఆ గిన్నె ఇలా తే. నాకోసం తెచ్చిందేగా, నేనే తింటా."

భర్తతో కలిసి నలభై ఏళ్లు అదే గుడిసెలో కాపు కాసిన మనిషి ఆమె. ఆయన పోయారు, ఆమె మోకాళ్లూ పోయాయి. అప్పటినుంచి ఏటా ఐవరే ఆమెను వీపున మోసుకెళ్లేవాడు.

"ఆ మాటే చెప్పొచ్చు కదయ్యా," అన్నారు వెర్నా గారు.

"మమ్ముని వేటకి తీసుకెళ్తున్నానంటే ఎవరు నమ్ముతారండీ? పోయిందంటే ఎవరూ ఎదురు అడగరు. మీరు తప్ప."

వెర్నా గారు తిరిగొచ్చి, మమ్ముని వేటకి తీసుకెళ్లాడనే పట్టీలో రాశారు. హోస్కింగ్ గారు చదివి, "వాడికి ఇంతకన్నా మంచి అబద్ధం దొరకలేదా?" అన్నారు.

"నా కళ్లతో చూశానండీ. ఆ ఉత్తరం పంపేటట్టయితే నా రాజీనామా కూడా తీసుకోండి."

ఉత్తరం చించివేయబడింది. మరుసటి ఏటి నుండి నవంబరు 15న సగంమంది వేటకు, సగంమంది బండ్లమీదకు వంతులవారీగా వెళ్లే పద్ధతిని వెర్నా గారే ప్రవేశపెట్టారు. ఆనాటి నుండి ఆ తేదీన మన గ్యారేజీలో ఏ మమ్మూ మరణించలేదు.

ఈ ఏడాది 2021 నవంబరు 15, సోమవారం వారి ఆఖరి పనిదినం. దక్షిణ మిషిగన్ నుండి కొత్తగా వచ్చిన మన సూపరింటెండెంటు గారు ఆ తేదీ మహిమ ఎరుగక, ఉదయం పది గంటలకే సన్మానం ఏర్పాటు చేశారు. "ఒక్కనాడూ గైర్హాజరు కాని" అన్న మాటలు ఫలకంపై చెక్కించారు. మన గ్యారేజీ పత్రిక ఈ సంచిక అచ్చుకు వెళ్లబోయే ముందు, శుక్రవారం ఉదయం పనివేళకు ముందే ఫోను మోగింది. వెర్నా గారి తర్వాత ఆ కుర్చీలో కూర్చునేందుకు పని నేర్చుకుంటున్న ఐవర్ గారే ఎత్తారు.

"ఐవర్, సోమవారం నేను రాను."

"సన్మానం మీకేనండీ! ఫలకం కూడా చెక్కించేశారు. కారణం ఏం రాయమంటారు?"

"మీ మమ్ముని వేటకి తీసుకెళ్తున్నాను. కొత్త కుర్చీ వదిలి రాలేక ఈ ఏడాదికి వద్దన్నావట. తొంభై ఒకటి దాటిన మనిషిని వచ్చే ఏడాదిదాకా ఆగమంటావా? నేను మోయలేను గానీ, మంచు మీద జారే స్లెడ్డులో కూర్చోబెట్టి లాక్కెళ్తా."

ఐవర్ గారు పట్టీ తెరిచి కలం పట్టారు.

"తర్వాత?"

"తర్వాత ఏముంది, లేడి రావాలి."

ఫలకం చెడిపోతుందని, మరేదైనా నమ్మదగిన కారణం రాయమని సూపరింటెండెంటు గారు ఎంతగానో అడిగారు. ఐవర్ గారు ఉన్నదున్నట్టే రాశారు. సన్మానం పదహారో తేదీకి మారింది, ఫలకంపై ఆ మాటలు చెరిపివేయబడ్డాయి. ముప్ఫై నాలుగేళ్లలో వెర్నా గారి పేరిట నమోదైన ఏకైక గైర్హాజరు ఇదే. మూడుసార్లు మరణించి కూడా ఈ సోమవారం తుపాకీ పట్టుకొని కూర్చోబోతున్న ఆ మమ్ముకు దక్కిన ఆయురారోగ్యాలే వెర్నా గారికీ దక్కాలని, వారిని ఏటేటా ఆ గుడిసెకు చేర్చేందుకు ఎవరో ఒకరు పని మానుకొని రావాలని మనసారా కోరుకుంటున్నాము.