పదికి ఎంత?

రాజమండ్రిలో ఓ ఆసుపత్రి వరండా. మూర్ఛరోగుల సర్వేకి వచ్చిన అమ్మాయి ఒక ఇల్లాలిని ప్రశ్నలడుగుతోంది. భర్త తన వంతు కాగితం నింపేసి మందులకి వెళ్ళాడు.

“ఫిట్స్ మీ బతుక్కి ఎంత అడ్డమండి? పదికి ఎంత వెయ్యను?”

“సున్నా వెయ్యమ్మా. మహారాణిని! ఆరేళ్ళుగా మావారు నన్ను పొయ్యి దగ్గరికే పోనివ్వలేదు.”

“అదృష్టమండీ.”

“మొన్న పుష్కరాలకి రేవులో జనమని, గోదావరిని బిందెతో ఇంటికే తెచ్చి నా నెత్తిన పోశారు. వీధంతా కుళ్ళుకుంది.”

“మరి... మీవారు పదికి పది వేశారండి.”

“పదా? ఎందుకట?”

“‘నిప్పు దగ్గరికీ, నీళ్ళ దగ్గరికీ పంపలేం. ఎప్పుడు పడిపోతుందో’ అని రాశారండి.”

“ఫిట్స్ రాక నాలుగేళ్ళయిందని రాయలేదూ?”

“లేదండి.”

“నేనేమో గారాబమనుకున్నాను. ఆ సున్నా కొట్టెయ్యకు తల్లీ, దాని ముందు ఒకటి పెట్టు.”