ఎండ అక్కర్లేని ప్యానెళ్ళు

లాండ్రీ ఆయన నోరు తెరిచాడంటే టీకొట్టులో గ్లాసులు చల్లారిపోవలసిందే. ఆరు నెలల కిందట షాపు కప్పు మీద సోలార్ ప్యానెళ్ళు బిగించుకున్నాడు, అప్పట్నుంచీ ఆయన కాళ్ళు నేల మీద ఆనడం లేదు. బజారు వాళ్ళు ఆయనకి మెగావాట్ అని పేరు పెట్టారు. వెక్కిరింపుకే పెట్టారు గానీ ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

ఆవేళ పొద్దున బెంచీ చివర కూర్చున్న చెల్లెలికి మాత్రం ఈ కోతలు వినే తీరిక లేదు. అన్నగారి లాండ్రీకి సరిగ్గా వెనకాలే ఆమె బేకరీ. రెండు ఓవెన్లూ కరెంటువే. బిల్లు మోయలేక ఒకటి మూసేద్దామా, అందులో పనిచేసే ఇద్దర్నీ మానిపించేద్దామా అని నెల రోజులుగా కుమిలిపోతోంది. ఇంతలో ఓ ఫిట్టర్ వచ్చి, ఆమె కప్పు మీదా ప్యానెళ్ళు పెడతానన్నాడు. ఒక్కటే షరతు. అన్నగారు తన కప్పు అంచున నిలబెట్టిన ఇరవై అడుగుల బోర్డు, 'సూర్యుడే మా పనివాడు' అని రాయించినది, దాని నీడ ఆమె కప్పు మీద పడుతోంది. అది దిగితేనే పని. పదకొండింటికి వచ్చి చూస్తాడు, బోర్డు అలాగే ఉంటే ఇంకో ఊళ్ళో పని ఒప్పుకుంటాడు. ఇంట్లో మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అన్నగారు మాట దాటేశాడు.

"అన్నయ్యా, ఒక్క మాట..."

"ఉండవే, అసలు సంగతి చెప్పనీ! ముందు నేనేం చేశానంటే, షాపులో పాత బల్బులన్నీ పీకేసి ఎల్‌ఈడీలు పెట్టాను. బాయిలర్ గొట్టాలకి వేడి పోకుండా మందపాటి గుడ్డ చుట్టాను. అంతే! అప్పటిదాకా పరుగెత్తే మీటరు కాస్తా, జ్వరం తగిలినవాడిలా కాళ్ళీడ్చడం మొదలెట్టింది."

ఇంతవరకూ నిజమే. గుడ్డ చుట్టింది మాత్రం చెల్లెలు.

"తర్వాత ప్యానెళ్ళెక్కించానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీటరు ఆగింది. ఓ గంట ఆలోచించుకుంది. ఆనక వెనక్కి తిరగడం మొదలెట్టిందయ్యా! కిందటి నెలకి పోయింది, కిందటేడాదికి పోయింది, పోయి పోయి మా నాన్న షాపు తెరిచిన రోజు దగ్గర ఆగింది!"

"నాన్నగారు కులాసానా?" అన్నాడు టైలరు.

"నీకన్నీ వేళాకోళాలే. కరెంటు తీగల్లో పట్టక బకెట్లలో పట్టుకున్నాం, తెలుసా? ఇస్త్రీ పెట్టెలు ప్లగ్గు పెట్టకుండానే వేడెక్కి, వాటంతటవే చొక్కాల మీద పాకాయి. ఆ చొక్కా తొడుక్కుని ఒకాయన ఇంటికి పోతే, గుమ్మంలో అడుగు పెట్టగానే ఫ్యాను తిరిగిందట!"

"అవునవును, నా మిషన్ కూడా దానంతటదే నాలుగు ప్యాంట్లు కుట్టింది. కాకపోతే అన్నీ ఒంటి కాలువే."

"చూశారా, నేనేమన్నా అబద్ధం చెబుతున్నానా?" మెగావాట్ బల్ల చరిచాడు. "కరెంటాఫీసు పెద్ద ఇంజనీరు పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'బాబ్బాబు, మీ దెబ్బకి ఆనకట్టలో నీళ్ళు పనిలేక పడుకున్నాయి, రోజుకో రెండు గంటలు ఆపుకోండి' అని ఒకటే ఏడుపు!"

పదిన్నర అయింది. చెల్లెలు లేచి దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, ఫిట్టర్ వచ్చేస్తాడు. ఆ బోర్డు..."

"బోర్డు సంగతి తర్వాత చూద్దాంలే!"

ఆ 'తర్వాత' అన్నప్పుడు ఆయన చూపు నేల మీదకి పోయింది. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజున కూడా ఇంతే, పగిలిన ముక్కలు వీపు వెనక పెట్టుకుని, దారిలో పులి ఎదురైందని గంటసేపు కథ చెప్పాడు. అంటే ఆ ప్యానెళ్ళ సంగతంతా ఈయనకి తెలుసన్నమాట! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. జాలి కూడా వేసింది, కానీ ఆ మంటలో అది ఎంతోసేపు నిలవలేదు.

"మబ్బు పట్టిన రోజు ఎలా అన్నా మరి?" అన్నాడు టైర్ల షాపతను, అగ్నికి ఆజ్యం పోస్తూ.

"మబ్బా? మబ్బు పడితే రెట్టింపు ఇస్తాయి! అసలు చెప్పాలంటే నా ప్యానెళ్ళకి ఎండే అక్కర్లేదయ్యా. చీకటిగదిలో పెట్టి తాళం వేసినా కరెంటు కారుతూనే ఉంటుంది. సూర్యుడే రోజూ పొద్దున్నే మా కప్పు మీద ఆగి, 'కాస్త నాకూ ఎక్కించవయ్యా, సాయంత్రం దాకా వెలగాలి' అని బతిమాలుకుని పోతుంటాడు!"

"విన్నారుగా?" చెల్లెలు అందరివైపూ తిరిగింది. "మా అన్నయ్య ప్యానెళ్ళకి ఎండ అక్కర్లేదట."

"అక్కర్లేదంటే అక్కర్లేదు!"

"పోనీలే, బతికిపోయాం. ఎందుకంటే బిగించిన రోజునుంచీ వాటి మీద ఎండ పడిందే లేదు. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా గంటగంటకీ మేడెక్కి సుద్దముక్కతో నీడ గుర్తులు పెట్టాను. నీ బోర్డు నీడ ముందు నీ ప్యానెళ్ళని మింగి, ఆ తర్వాత నా కప్పు మీదకొస్తోంది. అవి ఇచ్చే ఆ కాస్తా, రాత్రంతా బోర్డు మీద వెలిగే పదహారు లైట్లకే చాలడం లేదు. నువ్వు షాపులో లేనప్పుడు నీ బిల్లు నా బేకరీలో ఇచ్చిపోతారు. ప్యానెళ్ళు పెట్టకముందు కన్నా నూరు యూనిట్లు ఎక్కువొస్తోంది. ఇన్నాళ్ళూ మడతపెట్టి నీ చేతికే ఇచ్చాను, ఒకళ్ళతో అనలేదు. ఇవాళ ఇంకో దారి లేక అన్నాను."

టైలరు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. మెగావాట్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు.

"అది దించేస్తే," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి, "మనకి సోలార్ ఉందని జనానికి ఎలా తెలుస్తుందే?"

"బోర్డెందుకు అన్నయ్యా? నువ్వున్నావుగా!"

టీకొట్టు గొల్లుమంది. ఈసారి టైలరు ఆపుకోలేదు, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మెగావాట్ చుట్టూ చూసి, తనూ ఓ నవ్వు నవ్వి, టైర్ల షాపతని వైపు చెయ్యి చాపాడు.

"నీ దగ్గర పెద్ద పానా ఉందా? నిచ్చెన కూడా పట్రా, టైముంది, పదకొండు ఇంకా కాలేదు."