ముందు మంచినీళ్ళు, తరువాతే మాట

1991 సెప్టెంబరు 2వ తేదీ సోమవారం నాడు, కుమాసి నగర శివార్లలోని అసుబెంగ్ జలమండలిలో టైపిస్టుగా ఉద్యోగప్రవేశం చేసిన శ్రీమతి ఆజ్వా బిరాగో గారు, ముప్పై రెండేళ్ళ నిష్కళంక సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. సోమవారం పుట్టిన ఆడపిల్లకే ఆజ్వా అని పేరు పెడతాం గనుక, "నీ వారం చూసుకుని మరీ వచ్చావుటమ్మా!" అని ఆనాటి పెద్దగుమస్తా వేళాకోళమాడారట. ఆమె మాత్రం నవ్వకుండా యంత్రం ముందు కూర్చున్నారు.

పదమూడేళ్ళపాటు యాజమాన్యపు ఉత్తర్వులన్నీ తానే టైపు చేసినందున, ఏ వాక్యంలో ఏ మెలిక ఉందో ఆమెకు కరతలామలకం. 2004లో ఉద్యోగుల సంఘం ఆమెను ఏకగ్రీవంగా కార్యదర్శిగా ఎన్నుకోవడానికి ఆ విద్యే కారణం.

2009లో అసలు పరీక్ష వచ్చింది. చేతికి ఎర్రగుడ్డ కట్టుకుని నిరసన తెలిపారన్న నేరానికి, డైరెక్టరు అసియామా గారు పదకొండుమంది పంపు ఆపరేటర్లను ఒక్క కలంపోటుతో సస్పెండు చేశారు. ఊరంతటికీ నీళ్ళు ఆపాలని సంఘం తీర్మానించింది. ఆసుపత్రి పంపును మాత్రం ఆపనివ్వనని బిరాగో గారు భీష్మించారు.

సస్పెండైనవారిలో పెద్దవారైన ఫ్రింపాంగ్ మండిపడ్డారు. "మా పొట్టమీద కొట్టి ఆయన ఏసీలో కూర్చుంటే, మాకా అక్కా నీ ధర్మపన్నాలు? అసలు నువ్వెవరి వైపు?"

"మీ వైపే. కాన్పుగదిలో నీళ్ళాగితే ఊరంతా మన మొహాన ఉమ్మేస్తుంది. ముందు నన్ను దింపెయ్యండి, ఆ తర్వాతే ఆ పంపు కట్టెయ్యండి."

ఓటు పెట్టారు. ఒక్క ఓటు తేడాతో ఆమె మాట నిలిచింది. గొణుక్కుంటూనే ఫ్రింపాంగ్, జీతం లేకుండా, ఆ పంపు నడిపారు.

అయిదోనాడు చర్చలకు పిలుపు వచ్చింది. ప్రతినిధులింకా కూర్చోకముందే, "ఊఁ, ఏం కావాలి మీకు? త్వరగా కానివ్వండి!" అన్నారు డైరెక్టరు. వచ్చినవారికి మంచినీళ్ళివ్వనిదే ఏ పనిమీద వచ్చారని అడగకపోవడం, అడగనిదే వచ్చినవారు నోరు విప్పకపోవడం మన ఇంటింటి మర్యాద. బిరాగో గారు చేతులు ఒడిలో పెట్టుకుని ఊరుకున్నారు.

"ఏంటమ్మా, మౌనవ్రతమా?"

"మంచినీళ్ళే ఇవ్వలేదు కదండీ, మాటెలా మొదలెట్టను? అందులోనూ ఇది నీళ్ళ ఆఫీసాయె!"

డైరెక్టరు గంట కొట్టారు. అటెండరు వట్టి జగ్గుతో తిరిగి వచ్చాడు. "కుళాయిలో చుక్క లేదు సార్, సమ్మె కదండీ. కొట్లో నీళ్ళ ప్యాకెట్లు కూడా అయిపోయాయి."

గంటసేపు ఆమె ఆ వట్టి జగ్గు వైపే చూస్తూ కూర్చున్నారు. అబ్బ, అదేం నిబ్బరం! పదకొండు కుటుంబాల కూడు ఆ గదిలో తేలవలసి ఉండగా, ఆమె కనుబొమ్మైనా కదపలేదు. చివరికి డైరెక్టరే జగ్గు పట్టుకుని, రోడ్డు దాటి, ఆసుపత్రి పంపు దగ్గరికి నడిచారు.

"నిండా పట్టుకోండి సారూ," అన్నారట ఫ్రింపాంగ్, "ఇవి మా అక్క ఆపనివ్వని నీళ్ళు."

తిరిగి వచ్చిన అసియామా గారు ఒక్కొక్కరికీ తామే వంచి ఇచ్చి, తామూ తాగి, గొంతు తగ్గించి అడిగారు: "ఇప్పుడు చెప్పమ్మా, ఏం పనిమీద వచ్చారు?"

సాయంత్రానికి సస్పెన్షన్ రద్దై పదకొండుమందీ పనిలోకి వెళ్ళారు. ఆనాడు డైరెక్టరు గది తలుపు దగ్గర నిలబడి చూసిన మనకు ఈనాటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

రేపటినుండి బిరాగో గారు ఈ గేటులోకి అతిథిగా వస్తారు. డైరెక్టరు కుర్చీలో ఎవరున్నా లేచి, స్వహస్తాలతో మంచినీళ్ళిచ్చి, ఆ పిమ్మటే వచ్చిన పని అడుగుతారు. ఆమె సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలనీ, అలా అడిగిన ప్రతిసారీ, "పనేం లేదయ్యా, ఊరికే మిమ్మల్ని చూసిపోదామని వచ్చాను" అనే జవాబే వినే భాగ్యం మనకు కలగాలనీ మనసారా కోరుకుంటున్నాం.