చేదు పొడి

మూలికల దుకాణంలో ఆమె మూత తీయని డబ్బా బల్లమీద పెట్టింది.

“వెనక్కి తీసుకుంటావా అన్నా? ఇక తినే మనిషి లేడు.”

“అయ్యో! బావగారు...?”

“పోయిన వారం. షుగర్ ఎంతకీ దిగలేదు. మాత్రలూ మానలేదు, నీ పొడీ మానలేదు.”

“అంత చేదు ఎలా మింగారమ్మా?”

“మొదట్లో చంటిపిల్లాడిలా మొహం తిప్పేసుకునేవారు. అందుకే రెండు పూటలా గరిటెడు తేనెలో కలిపి నేనే నోట్లో పెట్టేదాన్ని. తర్వాత ఆయనే అడిగి మరీ తినేవారు.”

దుకాణదారు డబ్బాను దగ్గరకు లాక్కున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

“నేనేమన్నా తక్కువ చేశానా అన్నా?”

“ఏ తక్కువా చెయ్యలేదు తల్లీ” అన్నాడు, తీపి తగలకూడదని ఒక్కనాడూ చెప్పని ఆ నోటితోనే.