పిన్నిని అల్లేస్తానన్న బాబాయి

ఏంటీ, ఇంటర్‌వీవా? ఇంకోసారి చెప్పు. అమ్మ బాబోయ్, ఆ మాట నీకెక్కడ దొరికిందే! సొంతవాక్యం రాయాలా? నవ్వక ఏం చెయ్యనే, మా ఇంట్లో పెళ్లి చేసిన మాట అది. ఆ ఫ్యాను కాస్త తగ్గించు... వద్దులే, ఉండనీ. మా బాబాయని ఉండేవాడు, పేము కుర్చీలు అల్లేవాడు. ఒక్కచోట కుదురుగా ఉండడు. అన్నం మధ్యలో లేచి వీధిలోకి తొంగిచూసొచ్చేవాడు. కుర్చీ అల్లేటప్పుడు కూర్చునేవాడా, అప్పుడూ మోకాలు ఊగుతూనే ఉండేది. అలాంటివాడు ఎదురింటి ఇంగ్లీషు మాస్టారి కూతురి మీద మనసు పారేసుకున్నాడు. ఆవిడే పిన్ని. ఆవిడకీ ఇష్టమే. మాస్టారే ససేమిరా. "నాలుగు ఇంగ్లీషు ముక్కలు రానివాడికి పిల్లనివ్వను" అని భీష్మించుకు కూర్చున్నాడు. బాబాయి ఆగితేగా! అల్లడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఎవర్నో అడిగి, ఆ ముక్క బట్టీపట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు. గుమ్మంలోనే నిలబడి, "మాస్టారూ, ఐ ఇంటర్‌వీవ్ యువర్ డాటర్" అన్నాట్ట! పిన్ని ఎన్నిసార్లు చెప్పి నవ్వేదో. మాస్టారు కళ్లజోడు తీసి, "నా కూతుర్ని అల్లేస్తావుట్రా? అదేమన్నా కుర్చీయా? ఆ క్రియకి రెండుండాలి, ఒకదాన్ని ఇంకోదాంతో కలిపి అల్లాలి. దేంతో? విత్ ఏదిరా, విత్?" అని ఒకటే కేకలు. ఇంతలో పిన్ని లోపల్నించి వచ్చి, "ఆయనకి సగమే వచ్చింది నాన్నా. నా బతుకుని మీ కూతురి బతుకుతో అల్లుతానని అనబోయారు. మిగతా సగం నేను చెబుతున్నా" అంటూ చెప్పులేసుకుంది.

పారిపోవడమంటే ఎంత దూరమనుకున్నావ్? రోడ్డు దాటింది, అంతే! మాస్టారు మాత్రం వీధివైపు కిటికీ మూసేశాడు. ఏళ్లకేళ్లు తెరవలేదు. పిన్ని వాకిలి ఊడుస్తూ ఆ కిటికీవైపే చూసేది. ఆయన ఉద్యోగమైపోయింది, ట్యూషన్ పిల్లలూ రావడం మానేశారు. ఓ మధ్యాహ్నం ఎండలో రోడ్డు దాటొచ్చి, ఎవరో ఆర్డరిచ్చిన కొత్త కుర్చీలో కూలబడి, "మంచినీళ్లున్నాయా?" అన్నాడు. పిన్ని వంటింట్లో కుళాయి తిప్పి, గ్లాసు నిండి పొర్లుతున్నా అలాగే నిలబడిపోయింది. బాబాయి లేవలేదు, అల్లుతూనే ఉన్నాడు. ఆ కుర్చీ కోసం వచ్చినవాళ్లని, "ఇంకోటి అల్లి ఇస్తాను, వారం ఆగండి" అని పంపేశాడు. మాస్టారు ఇక ఎదురింటికి వెళ్లలేదు. పొద్దస్తమానం మామా అల్లుడూ పోట్లాడుకుంటూనే ఉండేవారు.

చివరికి బాబాయే ముందు పోయాడు. పాడె ఎత్తే వేళకి అందరూ బయటికి వచ్చారుగానీ మాస్టారు లేవలేదే. బాబాయి సగం అల్లి వదిలేసిన కుర్చీ దగ్గరకి లాక్కుని, పేముబద్ద పట్టుకుని, ఎటునించి దూర్చాలో తెలీక... వానొచ్చేలా ఉంది, బట్టలు తీసుకురా. లే, లే.